ఒక్క అక్షరం తేడా

పిఠాపురం,
నవంబరు 4, 2024.

మామయ్యకు నమస్కారాలు.

మీరు ఫోను ఎత్తరు. ఎత్తినా మీకు వినపడదు. వినపడినట్టు అనుమానం వస్తే రాంగ్ నంబరు అని పెట్టేస్తారు. వాట్సాప్‌లో పెడదామంటే, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లతో మాట్లాడేది లేదని పోయిన ఏడాది శపథం చేశారు. అందుకని పోస్టాఫీసుకు వెళ్లి కవరు కొన్నాను. కౌంటర్లో అమ్మాయి నేనెవరికో లాయరు నోటీసు పంపుతున్నాననుకుంది.

విషయం ఏంటంటే, మన ఏలేరు కళాపరిషత్తుకు వచ్చే శివరాత్రికి ఇరవై అయిదేళ్లు నిండుతాయి. నాటక పోటీలు ఎప్పటిలాగే ఉంటాయి. ఈసారి ప్రత్యేక సంచిక కూడా వేస్తున్నాం. పరిషత్తును నడిపే మా నలుగురి నేపథ్యాలూ అందులో రావాలని కమిటీ తీర్మానించింది. జీతం భత్యం లేకుండా ఇంత సేవ చేస్తున్నాం కాబట్టి మేమెవరమో ఊరికి తెలియాలట. ఆ ఆలోచన నాది కాదు, మా ఉపాధ్యక్షులు ఉదయ్‌భాస్కర్ గారిది.

ఎవరి సంగతి వాళ్లను రాసి ఇమ్మన్నాం. ఉదయ్‌భాస్కర్ గారు ఒక చిన్న పుస్తకమే ఇచ్చారు. అందులో ఆయన "బహుముఖ ప్రజ్ఞాశాలి" అని మూడు చోట్ల ఉంది, ముఖం మారలేదు. కోశాధికారి అన్నపూర్ణమ్మ గారు తన సర్వీసు రిజిస్టరు జిరాక్సు తెచ్చారు. అధ్యక్షులు పల్లంరాజు గారు అసలు ఏమీ రాయలేదు. "నా గురించి ఏముందమ్మా, రొయ్యలేగా" అన్నారు. వీటిని మనుషులు చదివేలా చేయగలిగింది మీరొక్కరే.

పరిషత్తు పెట్టింది మీరూ సత్తియ్య గారూ. మీరు అందులోంచి ఎందుకు లేచి వెళ్లిపోయారో నాకు తెలుసు. కోపంగానే రాయండి. కానీ రాయండి.

ఆత్రేయపురం పూతరేకులు విడిగా పంపుతున్నాను. లంచం అనే అనుకోండి.

మీ మేనకోడలు,
సారిక.


రాజమండ్రి,
నవంబరు 13, 2024.

చి. సారికకు ఆశీస్సులు.

పూతరేకులు ముట్టాయి. లంచం అని చెప్పి మరీ లంచం ఇచ్చిన మనిషిని ఇంతవరకూ చూడలేదు. మీ కమిటీలో నిజాయితీ ఇంకా మిగిలి ఉందంటే, నిన్ను తీసేయడానికి వాళ్లకు ఇంకా తీరిక దొరకలేదన్నమాట.

నేపథ్యాలు కావాలన్నావు. నేపథ్యం అంటే ఏంటో మీ తీర్మానం చేసినవాళ్లలో ఎవరికైనా తెలుసా? తెర వెనక చోటు. నటులు రంగు పూసుకునే చోటు. మీవాళ్లు ఎప్పుడైనా అక్కడికి వెళ్లారా? దీపం వెలిగించేటప్పుడు తెర ముందు ఉంటారు. శాలువాలు కప్పేటప్పుడు ముందుంటారు. ఫొటో తీసేటప్పుడు మరీ ముందుకొచ్చి, శాలువా కప్పించుకున్నవాణ్ణి కనపడకుండా చేస్తారు. వీళ్లకు నేపథ్యం ఎక్కణ్ణుంచి తేను?

నేపథ్యం ఉన్నవాడు సత్తియ్య. నీకు తెలుసు, నీ సంచిక చదివేవాళ్లకూ మీ అధ్యక్షుడికీ తెలియదు కాబట్టి మళ్లీ చెబుతాను. పగలు బట్టలకొట్టులో గుడ్డ కొలిచేవాడు. సాయంత్రం హార్మోనియం ముందు కూర్చునేవాడు. కుడి పక్క తెరచాటున, జనానికి కనపడని చోట. నటుడు మాట్లాడుతుండగానే ఆ రోజు అతని గొంతు ఎంతవరకు వెళ్తుందో పసిగట్టి, పద్యం వచ్చేసరికి ఒక మెట్టు కింద శ్రుతి పట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. నటుడు రాగం తీసి ఒడ్డున పడేవాడు. జనం వన్స్‌మోర్ అనేవాళ్లు, నటుడు చేతులు జోడించేవాడు, సత్తియ్య తువ్వాలుతో మెడ తుడుచుకునేవాడు. అతను పోయిన రోజున, ఎవరు పోయారని ఊళ్లో సగం మంది అడిగారు. అతని వాయిద్యానికి ఏళ్ల తరబడి చప్పట్లు కొట్టినవాళ్లే అడిగారు.

అందుకని మన పరిషత్తు వేదికకు అతని పేరు పెట్టాను. టేకు చెక్క మీద "సత్తియ్య వేదిక" అని నా చేత్తో రాశాను. మనిషి బతికినన్నాళ్లూ కనపడలేదు, పేరైనా జనానికి ఎదురుగా ఉండాలని.

తర్వాత మీ అధ్యక్షుడు హాలు బాగు చేయించాడు. కొత్త కుర్చీలు, కొత్త ఫ్యాన్లు. చెక్క దించేసి, అతని రొయ్యల మేత కంపెనీ బోర్డు ఎక్కించారు. నీలం రంగు, మధ్యలో మీసాలున్న రొయ్య. ఆ ఏడాది రాజ్యం పోగొట్టుకున్న రాజు వేషధారి కన్నీళ్లు పెట్టుకుని పద్యం పాడుతుంటే నెత్తి మీద రొయ్య మీసాలు దువ్వుతోంది. చెక్క ఏమైందని మీటింగులో అడిగాను. క్యాంటీనులో ఉందన్నారు. వెళ్లి చూశాను. రెండు డ్రమ్ముల మీద అడ్డంగా వేసి, దాని మీద ఇడ్లీ గిన్నెలు పెట్టారు. సత్తియ్య "స" మీద చట్నీ ఉంది. ఉదయ్‌భాస్కర్ లేచి, మార్పు ప్రకృతి సహజమని ఉపన్యసించాడు. నేను లేచి వచ్చేశాను.

ఆ చెక్క మళ్లీ వేదిక మీదికి ఎక్కితే రాస్తాను. మీ నలుగురివే కాదు, మీ కుర్చీల నేపథ్యం కూడా రాస్తాను. ఎక్కకపోతే నా పేరు ఎత్తవద్దు.

మీ మామయ్య,
జోగేశ్వరరావు.


పిఠాపురం,
నవంబరు 25, 2024.

మామయ్యకు నమస్కారాలు.

మీ షరతు అధ్యక్షుల ముందు పెట్టాను. మీ మాటల్లో కాదు, నా మాటల్లో. రొయ్య మీసాల సంగతి మినహాయించాను.

పల్లంరాజు గారు విని "చూద్దామమ్మా" అన్నారు. ఆయన చూద్దామంటే ఏంటో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్లావిడ వీరవేణి గారు మా కొట్టుకు వచ్చి చీర బాగుందన్నప్పుడు కూడా ఆయన చూద్దామనే అంటారు, కొన్నిసార్లు కొంటారు. ఉదయ్‌భాస్కర్ గారు మాత్రం వెంటనే అడ్డం తిరిగారు. దాత పేరు దించి గుమస్తా పేరు ఎక్కిస్తే రేపు ఎవరు ముందుకొస్తారని అడిగారు.

జనవరిలో సర్వసభ్య సమావేశం ఉంది. అక్కడ ఈ మాట నేనే ఎత్తుతాను. కానీ మామయ్యా, అలిగి రాజమండ్రిలో కూర్చున్న మనిషి తరఫున అడగడం ఒకటి, సంచికకు చక్కగా రాసిచ్చిన మనిషి తరఫున అడగడం ఇంకొకటి. ముందు మీరు రాయండి. చెక్క విషయం నాకు వదిలేయండి.

పల్లంరాజు గారి వివరాలు నేను అడిగి రాసుకున్నాను. ఉప్పాడలో పడవ మీద వేటకెళ్లే కుటుంబం. అయిదో తరగతిలో బడి మానిపించి వాళ్ల నాన్న పడవ ఎక్కించారు. తర్వాత చెరువులు తవ్వించారు, మేత డీలరయ్యారు, ఆ మీదట కంపెనీ. ప్రతి నాటకానికీ మొదటి వరసలో కూర్చుంటారు. నిద్రపోతారని మీరంటారు. కళ్లు మూసుకుని వింటానని ఆయనంటారు. గురక గురించి మాత్రం ఎవరూ ఏమీ అనరు.

ఆయన మీద మీ కోపం కాగితం మీద కనపడకూడదు. అదొక్కటే నా కోరిక.

సారిక.


రాజమండ్రి,
డిసెంబరు 10, 2024.

చి. సారికకు ఆశీస్సులు.

అలిగిన మనిషి అన్నావు. సరే, అలక మానాను. నీ షరతు ప్రకారం కోపం ఎక్కడా కనపడదు. నిజం రాస్తే మీరు వేయరు, అబద్ధం నేను రాయను. అందుకని పొగిడాను. పొగడ్త ఈ రెండింటిలో ఏదీ కాదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

నేను పుస్తకాలమ్మి బతికిన మనిషిని. అమ్మే ముందు ప్రతిదీ చదివేవాణ్ణి కనక సగం పుస్తకాలు నలిగిపోయి అమ్ముడుపోయేవి కావు. అభినందన సంచికలు కూడా చాలా చదివాను. వాటిని ఎవరూ చదవరన్న ఒక్క ధైర్యంతోనే అవి అచ్చవుతాయి. ఇవిగో నీ నలుగురూ.

శ్రీ ఉదయ్‌భాస్కర్, ఉపాధ్యక్షులు. "పచ్చటి పొలం కనపడితే వీరి మనసు నిలవదు. అందులో తెల్లటి హద్దు రాళ్లు లేచేదాకా విశ్రమించరు. రంగస్థలం మీద ఒకే ఒక పాత్ర ధరించారు. అది శవం. పాత్రలో ఎంతగా లీనమయ్యారంటే తెర పడ్డాక కూడా లేవలేదు. తట్టి లేపవలసి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి సభలోనూ మాట్లాడి ఆ లోటు తీర్చుకుంటున్నారు."

శ్రీమతి అన్నపూర్ణమ్మ, కోశాధికారి. "ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేశారు గానీ గంటను విరమించలేదు. నాటకానికి మూడో గంట వీరే కొడతారు. ఇచ్చిన సమయం దాటితే నాలుగోది కూడా కొడతారు. ఒకసారి కథానాయకుడు ప్రాణాలు విడుస్తుండగా కొట్టారు. అతను చెప్పవలసిన పద్యాలు మానుకుని గబగబా విడిచేశాడు."

శ్రీమతి సారిక, కార్యదర్శి. "కొననని ముందే చెప్పినవారికి కూడా బీరువా ఖాళీ అయ్యేదాకా చీరలు విప్పి చూపించే ఓర్పు వీరిది. వీరు మీటింగుల్లో ఉండగా ఆ చీరలన్నీ మళ్లీ మడత పెట్టేది వీరి భర్త ప్రసన్నకుమార్. పరిషత్తుకు జీతం లేని అసలు సేవకుడు ఆయనే."

ఇక అధ్యక్షుడు. "సముద్రం మీద పెరిగి చెరువు గట్టున స్థిరపడిన శ్రీ పల్లంరాజు గారు మన ప్రాంతం మరువలేని కళాశోషకులు. వీరి చెయ్యి పడ్డాక మన వేదిక వెనకటిలా లేదు. ఆ మార్పు ప్రేక్షకులు తలెత్తి చూసినప్పుడల్లా కనపడుతుంది. ఎన్నో నాటకాలను కళ్లు మూసుకుని ఆదరించిన ఉదారులు."

చదువుకున్నవాడెవడైనా ఇందులో తప్పు పట్టగలడేమో చూడు. ఫిన్నీ దగ్గరే కదా డీటీపీ చేయిస్తావు. నా చేతిరాతలో ఎలా ఉందో అలాగే కొట్టమను. ఒక్క అక్షరం కూడా దిద్దవద్దని మరీ మరీ చెప్పు. మీ ఊరి డీటీపీవాళ్లకు తెలుగు దిద్దాలన్న ఉత్సాహం ఎక్కువ.

మీ మామయ్య,
జోగేశ్వరరావు.


పిఠాపురం,
జనవరి 20, 2025.

మామయ్యకు నమస్కారాలు.

ఆలస్యానికి క్షమించండి. ఇక్కడ చాలా జరిగింది.

మీరు రాసినవి అందరికీ నచ్చాయి. ఉదయ్‌భాస్కర్ గారు తన పరిచయాన్ని రియల్ ఎస్టేట్ ఆఫీసుకు వచ్చినవాళ్లందరికీ చదివి వినిపిస్తున్నారు. శవం దగ్గర ఆగి, "లీనమయ్యారు, విన్నారా" అంటున్నారు. అన్నపూర్ణమ్మ గారు ఆ నాలుగో గంట సంగతి తీసేయమంటారేమోనని భయపడ్డాను. అది జరిగిందే కదా, ఉంచమన్నారు. మా ఆయన తన పేరున్న వాక్యాన్ని ఫొటో తీసుకున్నారు. అప్పటి నుంచి చీరలు మడత పెట్టడం లేదు. అధ్యక్షులవారు కూడా తన పరిచయం అక్షరం అక్షరం చదివారు. మీరు చెప్పినట్టే ఫిన్నీ దేన్నీ దిద్దలేదు. సంచిక ప్రెస్సుకు వెళ్లింది.

ఇక అసలు సంగతి. నిన్న సర్వసభ్య సమావేశం జరిగింది. చెక్క విషయం ఎలా ఎత్తాలా అని నేను కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఆ కాగితం విప్పే పని పడలేదు. పల్లంరాజు గారే లేచారు. ఆయన లేచి మాట్లాడటం నేను చూడటం ఇదే మొదలు. ఆ రొయ్య బోర్డు దించేయమన్నారు, పాత చెక్క ఎక్కడుందో చూడమన్నారు. ఉదయ్‌భాస్కర్ గారు దాతల గౌరవం, ముందుచూపు అంటూ మొదలుపెట్టబోయారు.

"కంపెనీ నాదండి, బోర్డు నాదండి. మధ్యలో మీకేంటండి నొప్పి?" అన్నారు అధ్యక్షులు.

చెక్క క్యాంటీను వెనక దొరికింది. శివరాత్రి వెళ్లిన శనివారం పోటీలు మొదలు. ఆ సాయంత్రమే చెక్క ఎక్కిస్తారు. మీ చేత్తోనే గుడ్డ తొలగించాలని తీర్మానించారు. ఇక మీరు రానని అనడానికి కారణం లేదు.

సారిక.


రాజమండ్రి,
జనవరి 25, 2025.

సారికా,

ప్రెస్సు ఆపించు. ఎలా ఆపిస్తావో నాకు తెలియదు. కాగితం అయిపోయిందని చెప్పు, కరెంటు తీయించు.

మీ అధ్యక్షుడి పరిచయం తీసి మొదటి వాక్యం చూడు. నువ్వు బీఏ తెలుగు చదివావు. ఇంతమంది చదివారంటున్నావు. అక్కడ ఉన్నది "కళాపోషకులు" కాదమ్మా. "కళాశోషకులు". పోషకుడంటే పోషించేవాడు. శోషకుడంటే ఎండగట్టేవాడు, పీల్చి వదిలిపెట్టేవాడు. అది చెయ్యి జారి పడిన అక్షరం కాదు. వారం రోజులు ఆలోచించి పెట్టిన అక్షరం. ఎవరూ చదవరని తెలుసు. అందరూ "పో" అనే చదువుకుంటారు, చప్పట్లు కొడతారు, ఆ మనిషి దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలిస్తాడు, నేను ఇక్కడ కూర్చుని నవ్వుకుంటాను. ఈ వయసులో నాకు మిగిలిన వినోదం అది.

ఆ మనిషేమో రొయ్యను దించి సత్తియ్యను ఎక్కిస్తున్నాడు. ఒక మనిషి మీద తీరిగ్గా కూర్చుని విషం కక్కితే, అది అచ్చయ్యేలోపు అతను మంచివాడు కావడం నా జాతకానికి తగ్గట్టే ఉంది. పాతికేళ్లలో ఒక్క మంచిపని చేయనివాడు ఇంకో నెల ఆగలేకపోయాడా?

నేను భయపడేది నా పరువు గురించి కాదు. ఆ సరుకు ఎప్పుడో అయిపోయింది. సంచిక బయటికొచ్చాక ఎవరో ఒక తెలుగు వచ్చినవాడు అతని చెవిలో ఊదుతాడు. అతనికి ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. అప్పుడు చెక్క మళ్లీ ఇడ్లీల కిందికి పోతుంది. ఈసారి నా వల్ల పోతుంది. సత్తియ్యకు ఊరు చేసిన అన్యాయం చాలలేదని నేను కూడా ఒక చెయ్యి వేసినట్టవుతుంది.

పక్కింటివాళ్ల చేత నీకు ఫోను చేయిద్దామనుకున్నాను. చేయించాలంటే వాళ్లకు ఇదంతా చెప్పాలి. అందుకని స్పీడుపోస్టు. ఒక్క అక్షరం మార్పించు. "శో" తీసి "పో" పెట్టించు.

జోగేశ్వరరావు.


పిఠాపురం,
ఫిబ్రవరి 3, 2025.

మామయ్యకు నమస్కారాలు.

మీ కవరు అందేసరికి సంచిక అచ్చయి, కట్టలు కట్టి మా కొట్టులో ఉంది. ప్రసన్నకుమార్ వాటి మీద కూర్చుని లెమన్ సోడా తాగుతున్నారు.

పోయిన ఉత్తరంలో నేను ఒక సంగతి దాచాను. ఇప్పుడు చెబుతాను, పడుకుని చదవండి.

జనవరి మొదటి వారంలో ప్రూఫు చూడటానికి ఫిన్నీ సెంటరుకు వెళ్లాం. మిగతావాళ్లు ఎవరి ఫొటో వాళ్లు చూసుకుని, బాగా వచ్చిందనుకుని వెళ్లిపోయారు. పల్లంరాజు గారు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన చదివేటప్పుడు అక్షరాల కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతారు. ఇంటికెళ్లి వీరవేణి గారికి అప్పజెప్పాలట, అందుకని కంఠతా పడుతున్నారు. వేలు మొదటి వాక్యం చివర ఆగిపోయింది. వెనక్కి వచ్చింది. మళ్లీ ఆగింది.

"అమ్మా, ఇక్కడ పో కదా ఉండాలి?"

ఫిన్నీ మీ కాగితం తీసి చూపించాడు. శోనేనండి, ఒక్క అక్షరం మార్చొద్దని రాశారండి అన్నాడు. అప్పటిదాకా నేనూ "పో" అనే చదువుకున్నాను మామయ్యా. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొరపాటై ఉంటుంది, దిద్దిస్తానన్నాను. ఆయన వినలేదు. శోషకుడంటే అర్థం చెప్పమన్నారు. చెప్పాను. ఎలాగూ డిక్షనరీలో దొరికేదే కదా. ఎండగట్టేవాడు, పీల్చేసేవాడు అని.

తర్వాత కడుపు కదిలేలా నవ్వారు.

"మాస్టారు కరెక్టుగానే రాశారమ్మా. చెరువు ఎండగట్టడమేగా మన పని. కాపోతే రొయ్యల పట్టుబడి అయ్యాక ఎండగట్టి, మళ్లీ నీళ్లు పెడతాం. ఆ ముక్క రాయడం మర్చిపోయారు."

దిద్దమంటారా అని మళ్లీ అడిగాను. వద్దన్నారు. తర్వాత ఆయనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నన్ను పొగిడేవోళ్లు ఎందుకు పొగుడుతారో నాకు తెలుసమ్మా. ఈయన తిట్టడానికి ఇంత కష్టపడ్డాడంటే, అవతల ఏదో పెద్దదే ఉంటది. ఆ చెక్కేనా?"

అప్పుడు సత్తియ్య గారి గురించి చెప్పాను. మీ నవంబరు ఉత్తరం నా సంచిలోనే ఉంది, ఆ పేరా చదివి వినిపించాను. చట్నీ దగ్గర ఆయన నన్ను ఆపి, అది నాకు తెలీదమ్మా అన్నారు. మీరు అడిగిన ఆ మీటింగుకు ఆయన రాలేదు, చెక్క క్యాంటీనుకు పోయిందని ఆయనకు నిజంగానే తెలియదు. బోర్డు మార్పించింది ఉదయ్‌భాస్కర్ గారు, అధ్యక్షుడికి సంతోషం కలిగిద్దామని. అంటే సమావేశంలో ఆయన లేచింది మీ పొగడ్త చూసి కాదు. మీ "శో" చూశాక.

కాబట్టి చెక్క ఎక్కడికీ పోదు. నిశ్చింతగా ఉండండి, మీకు అలవాటు లేకపోయినా.

ఇంకో మాట. వ్యవస్థాపకుల పరిచయం లేకుండా సంచిక ఏంటని అధ్యక్షులవారు అన్నారు. మీ గురించి ఆయన నాలుగు మాటలు చెప్పారు, నేను రాశాను, అదీ వేశాం. ప్రూఫు మీకు పంపలేదు. పంపితే దిద్దుతారని.

శనివారం మధ్యాహ్నం రైలు దిగండి. స్టేషనుకు మనిషి వస్తారు.

సారిక.


రాజమండ్రి,
మార్చి 6, 2025.

చి. సారికకు ఆశీస్సులు.

అక్కడ నిన్ను ఏమీ అడగలేదు. అడిగినా నీ జవాబు నా చెవుల్లో పడదు. పైగా నువ్వు రెండు రోజులూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉన్నావు. అందుకని ఇంటికొచ్చి అడుగుతున్నాను.

స్టేషనుకు వచ్చిన మనిషి పల్లంరాజు. డ్రైవరును పంపుతాడనుకున్నాను. తనే వచ్చాడు. నా సంచి లాక్కున్నాడు. నేను జీవితంలో ఎవరికీ పాఠం చెప్పలేదు, పుస్తకాలమ్మాను. అయినా మాస్టారూ మాస్టారూ అంటూనే ఉన్నాడు, నా కుడి చెవి పక్కకు వచ్చి గట్టిగా. ఎడమ చెవి పూర్తిగా పోయిందని నువ్వే చెప్పి ఉంటావు.

స్టేషను రోడ్డు మలుపులో కారు ఆపి నన్ను దింపాడు. తలెత్తి చూశాను. మేడంత ఫ్లెక్సీ. ఎడమ పక్క అతని బొమ్మ, కుడి పక్క నా బొమ్మ. నా బొమ్మ ఎక్కడ సంపాదించారో గానీ, అందులో నేను ఎవరికో అప్పిచ్చినవాడిలా ఉన్నాను. అతని కింద మనిషెత్తు అక్షరాల్లో "కళాశోషకులు పల్లంరాజు". నా దుర్మార్గాన్ని నేను చిన్న అక్షరాల్లో, నీలం సిరాతో చేశాను. దాన్ని అంత పెద్దది చేసి నడిరోడ్డు మీద ఎండలో నిలబెడితే ఎలా ఉంటుందో ఎప్పుడూ అనుకోలేదు.

నా బొమ్మ కింద "రసాజ్ఞులు జోగేశ్వరరావు" అని ఉంది.

ఒకసారి చదివాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. రసజ్ఞులు అంటే రసం తెలిసినవాళ్లు. "స"కు దీర్ఘం ఇస్తే రస, అజ్ఞులు. రసం అంటే ఏంటో తెలియనివాళ్లు. ఆటోలు వెళ్తున్నాయి, గుడికి వెళ్లేవాళ్లు వెళ్తున్నారు, ఉదయ్‌భాస్కర్ ఆగి మా ఇద్దరికీ నమస్కారం పెట్టి, ఫ్లెక్సీ అదిరిందండి అని అరిచి చెప్పి మరీ వెళ్లాడు. ఊరు ఊరంతా దాని కింద నడుస్తోంది, మేమిద్దరం తప్ప చదివినవాడు లేడు.

"ఎలా ఉందండి మాస్టారూ?" అన్నాడు.

"అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి" అన్నాను.

"మీకు కనపడాలనండి."

ఇంకేం మాట్లాడను? తప్పుందని అంటే, ముందు నా తప్పు ఒప్పుకోవాలి. అతను నవ్వలేదు. నేనూ నవ్వలేదు. కారెక్కి కూర్చున్నాక, బండి తీసే ముందు, ఇద్దరం చెరో కిటికీలోంచి బయటికి చూశాం. అతని పొట్ట కదలడం నాకు కనపడింది. నాది కదలడం అతనికి కనపడిందేమో తెలియదు.

సాయంత్రం హాలుకు వచ్చేసరికి నాకు కొత్త భయం పట్టుకుంది. నా మీద తీర్చుకోవలసింది నా పేరు మీద తీర్చుకున్నాడు, బాగానే ఉంది. చెక్క మీద కూడా ఏమైనా చేశాడా? రంగు మళ్లీ వేయించామని చెప్పారు. ఎవరి చేత వేయించారు, ఏ అక్షరానికి ఏ కొమ్ము తగిలించారు? గుడ్డ తీయమని నా చేతికి తాడు ఇస్తే, రెండుసార్లు చెప్పేదాకా లాగలేదు. చూసినవాళ్లు చెవుడు అనుకుంటారు, అనుకోనీ.

గుడ్డ జారింది. నేను తల వంచుకుని మెట్లు దిగిపోకుండా, చెక్క బిగించిన నిచ్చెన అక్కడే ఉంటే ఎక్కి, దగ్గరికి వెళ్లి, అక్షరాల కింద వేలు పెట్టి చదివాను. స. త్తి. య్య. వే. ది. క. పెదాలు కూడా కదిపానని ప్రసన్నకుమార్ తర్వాత చెప్పాడు. ఎక్కడా తప్పు లేదు. ఒక దీర్ఘం ఎక్కువ లేదు, ఒక వత్తు తక్కువ లేదు. నా రాతనే అనుసరించి రంగు దిద్దారు. చివర "క" పక్కన ఇడ్లీ గిన్నె కాలిన గుండ్రటి మరక అలాగే ఉంది, అది చెరిపితే చెక్క పోతుందని వదిలేశారట. మంచిది. ఈ పేరు ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో తలెత్తి చూసినవాడికి తెలియాలి.

దిగి వెనక్కి తిరిగేసరికి మొదటి వరసలో పల్లంరాజు కళ్లు తెరుచుకుని నా వేలి వంకే చూస్తున్నాడు. అది మాత్రం నాకు నచ్చలేదు.

ఆ తర్వాత నాటకం కుడి పక్క తెరచాటున కూర్చుని చూశాను. అక్కడిప్పుడు హార్మోనియం లేదు, కీబోర్డు ఉంది. వాయించే కుర్రాడు నటుడి గొంతు కన్నా రెండు మెట్లు పైన పట్టుకున్నాడని నటుడి మెడ నరాలు చూసి తెలుసుకున్నాను. వినపడకపోవడంలో ఉన్న సుఖం ఆ రాత్రి బాగా తెలిసింది. అన్నపూర్ణమ్మ గారు నాలుగో గంట కొట్టారని, అందరూ ఒక్కసారి ఉలిక్కిపడటం వల్ల గ్రహించాను.

ఇక నా ప్రశ్న. ఆ దీర్ఘం ఎవరిది?

పల్లంరాజు నవ్వగలడు, ఫ్లెక్సీ కట్టించగలడు. సంధి మాత్రం చేయలేడు. రస, అజ్ఞులు కలిపితే మధ్యలో సవర్ణదీర్ఘం వస్తుందన్న సంగతి రొయ్యల చెరువులో దొరకదు. ఫిన్నీ ఉన్నదున్నట్టు కొట్టే మనిషి, సొంతంగా ఇంత తెలివైన తప్పు చేయడు. పిఠాపురం మెయిన్ రోడ్డులో ఒక పుస్తకాల కొట్టు ఉండేది. అందులో బల్ల మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చుని, మామయ్య కొనిచ్చిన జీళ్లు చప్పరిస్తూ, సంధులు వల్లించిన రెండు జడల పిల్ల ఒకతె ఉండేది. ఆ పిల్ల సవర్ణదీర్ఘానికి ఉదాహరణ చెప్పమంటే ఎప్పుడూ పుస్తకంలోది చెప్పేది కాదు, తనే ఒకటి కల్పించి చెప్పేది. నేను అనుమానిస్తున్నాననుకోకు. నాకు రూఢిగా తెలుసు. సంచికలో నా పేజీలోనూ అదే మాట ఉంది. నాలుగు మాటలు ఆయన చెప్పాడు, నువ్వు రాశావన్నావు. మూడు మాటలు ఆయనవే అయి ఉంటాయి.

జవాబు రాయనక్కర్లేదు. అచ్చుతప్పు అని అంటావు. అనడానికి నీకు హక్కుంది, ఆ విద్య నేర్పినవాణ్ణి నేనే.

సంచికలు మీ కొట్టులో ఇంకా కట్టలుగానే ఉన్నాయని, వాటి మీద కూర్చోవడానికి వీలుగా ఉందని ప్రసన్నకుమార్ చెప్పాడు. ఒక కట్ట నాకు పంపించు. ఇక్కడ లైబ్రరీలో తెలుగు బాగా వచ్చినవాళ్లమని చెప్పుకునేవాళ్లు కొందరున్నారు. వాళ్లకు తలా ఒకటి ఇచ్చి, ఎవడి వేలు ఎక్కడ ఆగుతుందో చూస్తాను.

మా ఇద్దరి పేజీలూ దిద్దకుండా పంపించు.

మీ మామయ్య,
జోగేశ్వరరావు, రసాజ్ఞుడు.